పక్క గదికి పోయిన స్టూలు

ల్యాబుల్లో కొత్తగా చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వచ్చి, "మేడమ్, మీ సర్వీసులో మర్చిపోలేని కేసు ఒకటి చెప్పండి" అని అడుగుతుంటారు. వాళ్లకి కావలసింది, ఎవరికీ దొరకని క్రిమిని నేను పట్టేసిన కథ. అలాంటివి రెండు మూడున్నాయి. చుట్టాల పెళ్లిళ్లలో కూడా చెప్పి చెప్పి అరగదీశాను. ఇప్పుడు రాస్తున్నది అలాంటిది కాదు. ఇది నేను కుళ్లుకున్న కథ. పొద్దున్న పళ్లు తోముకునేటప్పుడు మొదలై, బస్సులో సీటు దొరికినా తగ్గకుండా, సాయంత్రం కూర తరిగేటప్పుడు కూడా వెంట ఉండే కుళ్లు. అలా ఏడాదిన్నర బతికాను.

మా ఆసుపత్రి బెజవాడలో కాలవ గట్టుకి దగ్గర్లో ఉండేది. తొంభైల మొదట్లో నేను చేరేటప్పటికి మైక్రోబయాలజీ అంటే ఒక గది, ఒక మైక్రోస్కోపు, ఒక ఇంక్యుబేటరు, నేను. రక్తంలో క్రిమి ఉందో లేదో చూసే సీసాలు కంపెనీ నుంచి వచ్చేవి కావు. క్రిములకి తిండిగా పనికొచ్చే పులుసు నేనే కాచి, సీసాల్లో పోసి, ఆవిరితో క్రిముల్ని చంపే ఆటోక్లేవులో ఉడికించి పెట్టుకునేదాన్ని. రోగి రక్తం అందులో వేసి వెచ్చగా ఉంచితే, క్రిమి ఉంటే ఒకటి రెండు రోజులకి సీసా మబ్బు పడుతుంది. అప్పుడు ఒక చుక్క తీసి, గాజు స్లయిడు మీద పూసి, రంగు వేసి చూస్తాం. ఇంకో చుక్కని క్రిములు పెరిగే ప్లేటు మీద గీసి ఇంక్యుబేటరులో వెచ్చగా పెడతాం.

మొదటి రోజు చూసినది రిజిస్టర్లో పెన్సిల్‌తోనే రాయడం నా పద్ధతి. ప్లేటు మీద క్రిమి పెరిగి, అనుమానం తీరాకే పెన్నుతో దిద్దేదాన్ని. సంతకం పెట్టే పాథాలజిస్టు గారు నాలుగు ల్యాబులు తిరిగి సాయంత్రం ఏ ఆరింటికో వచ్చేవారు. నా పెన్ను రాత చూసి మారు మాట్లాడకుండా సంతకం పెట్టేవారు. పెన్సిల్ రాత సంగతి ఆయనకి అక్కర్లేదు, నేనూ చెప్పేదాన్ని కాదు.

ఐసీయూ డాక్టరు గారు రోజూ పదింటికి నా గదికి వచ్చేవారు. కిటికీ పక్కన ఒక స్టూలుండేది. దాని కాలి కర్ర విరిగితే ప్లాస్టరు చుట్టి నిలబెట్టాం. ఆయన దాని మీద కూర్చుని, నా ఫ్లాస్కు మూతలో కాఫీ పోయించుకుని, "ఏం పెరిగిందండీ?" అని అడిగేవారు. అంత చదువుకున్నాయన నా మాట విని, పైకెళ్లి మందు మార్చేవారు. ఆ పది నిమిషాల కోసం నేను ఇస్త్రీ చీర కట్టుకెళ్లేదాన్నంటే నవ్వకండి. మనకి ఎవరైనా విలువ ఇస్తే ఆ విలువ వేళకి తయారుగా ఉండాలిగా.

రెండు వేలు దాటిన నాలుగైదేళ్లకి పక్క గదిలో సెరాలజీకి, అంటే రక్తపు తేట పరీక్షలకి, ఒక అమ్మాయి వచ్చింది. పామర్రు దగ్గర వ్యవసాయం చేసుకునేవాళ్ల పిల్ల. రోజూ బస్సులో వచ్చేది. ఎంఎస్సీ చేసింది, నేను డిప్లొమా. ఆ సంగతి ఆమె ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తనందుకు కూడా నాకు ఒళ్లు మండేది.

ఆమెతోపాటే ఒక కొత్త పరీక్ష వచ్చింది. క్రిమి ఒంట్లో జొరబడితే ఒళ్లు దాని మీద తిరగబడుతూ కొన్ని పదార్థాలు రక్తంలోకి వదులుతుంది. వాటిల్లో సీఆర్‌పీ అనేది క్రిమి ఏదైనా సరే పెరుగుతుంది. ప్రోకాల్సిటోనిన్ అనే ఇంకొకటి బాక్టీరియా రక్తంలో పడితే బాగా పెరుగుతుంది, ఫంగస్ పడితే అంతగా పెరగదు. అంటే రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, క్రిమిని చూడకుండానే అది ఏ జాతిదో కొంత ఊహించొచ్చు. ఒక చిన్న కార్డు మీద రక్తపు తేట నాలుగు చుక్కలు వేసి, అరగంట ఆగి, వచ్చిన గీత రంగు ఎంత ముదురో చూడటమే పని. నేను రెండు రోజులు ఉడికించి, పెంచి, కళ్లు చించుకుని చెప్పే సంగతి ఆ అమ్మాయి అరగంటలో చెప్పేది. తప్పయితే బాగుండునని ఎంత కోరుకున్నానో. చాలాసార్లు ఒప్పే అయ్యేది.

రోజూ పొద్దున్నే ఆమె ఒక నోటు పుస్తకం పట్టుకుని నా గదికి వచ్చేది. "మేడమ్, రిజిస్టరు ఒకసారి చూసుకోనాండీ?" అని అడిగి, నా సీసాల ఫలితాలు ఒక వరసలో, తన కార్డు ఫలితాలు పక్క వరసలో రాసుకునేది. తన కార్డు ఎక్కడ తప్పుతోందో తెలుసుకోవడానికే ఆ అవస్థంతా. నాకు మాత్రం నా ఇంట్లోకి వచ్చి నా గిన్నెలు లెక్కపెడుతున్నట్టుండేది.

ఒక రోజు పదింటికి డాక్టరు గారు రాలేదు. ఫ్లాస్కులో కాఫీ చల్లారిపోయింది. మర్నాడు వచ్చారు, కూర్చోలేదు. ఆ పై వారం నా గదిలో స్టూలే లేదు. మా అటెండరు పెద్దావిడ్ని అడిగాను.

"పక్క గదిలో ఏశానమ్మా. డాక్టరు గారు అక్కడ నిలబడి మాట్టాడతన్నారు, కాళ్లు నొప్పులొస్తాయి గదా" అంది.

పుండు మీద కారం చల్లినట్టయింది. మళ్లీ తెచ్చుకుందామంటే ఏ ముఖం పెట్టుకుని అడగాలి? స్టూలు కోసం పోట్లాడిందన్న పేరొస్తుంది. ఊరుకున్నాను. గోడ అవతల నుంచి నవ్వులు వినిపిస్తుంటే చేతిలో పని తప్పి, రంగు రెండుసార్లు వేసేదాన్ని.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి, లేకపోతే నేను చేసినది మీకు అర్థం కాదు. ఆ ముందు ఏడాది ఆసుపత్రి మీద ఇంకో అంతస్తు వేశారు. దుమ్ము, తడి, సున్నం. నా సీసాలు వరసగా కొన్ని బూజు పట్టాయి. రోగుల రక్తంలో ఫంగస్ ఉందని రిపోర్టు రాశాను. తీరా చూస్తే రోగుల్లో లేదు, నా సీసాల్లోనే ఉంది. అందరూ ఉన్న మీటింగులో డాక్టరు గారు, "మన మేడమ్ గారి సీసాలో గాలి కూడా పెరుగుతుందండోయ్" అన్నారు. ఆయన హాస్యానికే అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. అప్పట్నుంచి ఫంగస్ లాంటిది ఏది కనపడినా గాలిదేనని పారేసి, ఇంకో సాంపిల్ అడగడం మొదలుపెట్టాను. మా తరం ల్యాబుల్లో చాలామంది అలాగే చేసేవాళ్లం. ఎవరూ తప్పనుకునేవాళ్లు కాదు.

ఇక ఆ కేసు. హనుమాన్ జంక్షన్‌కి చెందిన ఒక లారీ డ్రైవరు, ముస్లిం, ముప్పై అయిదేళ్లుంటాయేమో. పేగుకి చిల్లు పడితే ఆపరేషన్ చేశారు. మెడ దగ్గర నరంలో గొట్టం పెట్టి దాంట్లోంచే ఆహారం ఎక్కిస్తున్నారు. ఆపరేషనయిన వారానికి జ్వరం పట్టుకుంది. ఖరీదైన యాంటీబయాటిక్స్ రెండుసార్లు మార్చారు, జ్వరం దిగలేదు. అతని భార్య రోజూ మా రిపోర్టుల కిటికీ దగ్గరికి వచ్చి, "అమ్మా, రక్తం రిపోర్టు వచ్చిందా?" అని అడిగి వెళ్లేది.

సోమవారం పొద్దున్న తొమ్మిదింటికి అతని సీసా పైకెత్తి చూశాను. పలచగా మబ్బు పట్టింది. రంగు వేసి చూస్తే ఊదా రంగులో గుండ్రటి కణాలు, బాక్టీరియా కన్నా బాగా పెద్దవి, కొన్నింటికి పక్కన చిన్న మొగ్గ తొడిగి ఉంది. అది ఈస్ట్, అంటే ఫంగసే. చెయ్యి అలవాటు కొద్దీ ప్లేటు మీద గీసింది. రిజిస్టర్లో పెన్సిల్‌తో 'ఈస్ట్?' అని రాసింది. అంతవరకు నేను మంచి టెక్నీషియన్నే.

ఆ అమ్మాయి వచ్చి తన పుస్తకంలో రాసుకుని వెళ్లింది. రోజూ వచ్చేదే కదా, నేను పట్టించుకోలేదు. కాసేపటికి గోడ అవతల డాక్టరు గారి గొంతు వినపడింది. ఆ అమ్మాయి చెబుతోంది.

"సీఆర్‌పీ చాలా ఎక్కువుందండి. ప్రోకాల్సిటోనిన్ చూస్తే గీత కనపడీ కనపడనట్టుంది. బాక్టీరియా అయితే ఈపాటికి ముదురుగా రావాలండి. ఫంగస్ ఏమోనని నాకు అనుమానంగా ఉందండి."

"ఫంగస్‌కి ఆంఫోటెరిసిన్ ఇవ్వాలి, కార్డు చూసి అది ఎక్కించలేనమ్మా. ఆ మందు కిడ్నీల్ని తినేస్తుంది. కళ్లకి కనపడే రుజువు కావాలి" అన్నారు డాక్టరు గారు.

ఆ రుజువు నా మైక్రోస్కోపు కింద ఉంది. లేచి పక్క గదికి వెళ్లి చెప్పడానికి పది అడుగులు పడుతుంది. కానీ చెబితే ఏమవుతుంది? ఆ అమ్మాయి కార్డు గెలుస్తుంది. రెండు రోజుల నా పని ఆమె అరగంట పనికి సాక్షి సంతకమవుతుంది. పైగా ఇది మళ్లీ గాలిదే అయితే, ఈసారి మీటింగులో ఆమె ముందు నవ్వుతారు.

డాక్టరు గారు నా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. కూర్చోవడానికి స్టూలెక్కడుంది కనక.

"మేడమ్, ఆ డ్రైవరు సీసాలో ఏమన్నా ఉందాండీ?"

"ఏమీ లేదండి. ఇంకో సాంపిల్ పంపించండి, చూస్తాను" అన్నాను.

ఆయన వెళ్లాక రబ్బరు తీసుకుని పెన్సిల్ రాత చెరిపేశాను. కాగితం మీద పొడి ఊదేసి, సీసాని పారేసే తొట్లో పెట్టాను. రెండో సాంపిల్ అడగడం పద్ధతే, ఎవరూ వేలెత్తి చూపలేరు. ఆ మాట రోజంతా నాకు నేనే చెప్పుకున్నాను.

మంగళవారం పొద్దున్న ఇంక్యుబేటరు తలుపు తీయగానే వాసన వచ్చింది. ఇడ్లీ పిండి పులిసిన వాసన. ప్లేటు మీద నేను గీసిన గీతల వెంటే తెల్లటి మీగడ చుక్కలు. గాలి నుంచి పడినది ఇంత వరసగా గీత మీదే పెరగదు. నాకు తెలుసు. అయినా రెండో సీసా మబ్బు పడేదాకా ఆగుదామనుకున్నాను. పక్క గదిలోంచి మాటలు వినపడ్డాయి.

"మేడమ్ లేదన్నారుగా" అంటున్నారు డాక్టరు గారు.

"మేడమ్ ఇంకోసారి చూస్తారండి. ఆవిడ చూసి చెప్పేదాకా ఫంగస్ కాదని మాత్రం అనుకోకండి" అంటోంది ఆ అమ్మాయి.

నన్ను దెప్పుతోందనుకున్నాను. చూడకపోతే ఏం చేస్తావే అనుకుంటూ ప్లేటు మీద మూత పెట్టేశాను.

మధ్యాహ్నం మూడింటికి డ్రైవరు భార్య కిటికీ దగ్గరికి వచ్చింది. ఈసారి రిపోర్టు అడగలేదు. కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడింది.

"ఏంటమ్మా?" అన్నాను.

"మనిషి మనిషిగా లేడమ్మా. పడుకునే స్టీరింగ్ తిప్పుతున్నాడు. కాలితో బ్రేకు తొక్కుతున్నాడు. పక్కకి తప్పుకోండి, బండి ఆగట్లేదు అంటున్నాడు. నన్ను చూసి కూడా తప్పుకోమంటున్నాడమ్మా."

ఆమె ఏడవలేదు. అడగాల్సింది ఏమిటో తెలియనట్టు నా ముఖం చూసింది. నాకు సిగ్గేసింది. సిగ్గు అన్న మాట చాలదు గానీ ఇంకో మాట లేదు. రెండో సీసా తీశాను, మబ్బు పట్టింది. చుక్క తీసి రంగు వేశాను, అవే మొగ్గలు. స్లయిడు, ప్లేటు ట్రేలో పెట్టుకుని, సర్వీసులో మొదటిసారి నేనే మెట్లెక్కి ఐసీయూకి వెళ్లాను.

"ఫంగసేనండి. రెండు సీసాల్లోనూ ఉంది" అన్నాను. మొదటిది ఎప్పుడు కనపడిందో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఆ సాయంత్రమే మందు మొదలుపెట్టారు, మెడలో గొట్టం తీసేశారు. వారం తిరక్కుండా జ్వరం దిగింది.

శనివారం మీటింగులో డాక్టరు గారు నన్ను పొగిడారు. "కార్డు అనుమానం చెప్పింది, మేడమ్ గారు మనిషిని నిలబెట్టారు" అన్నారు. పక్కనే కూర్చున్న ఆ అమ్మాయి, "మేడమ్ గారు సోమవారమే అనుమానించారండి. అందుకే రెండో సాంపిల్ అడిగారు" అంది. చప్పట్లు కొట్టారు. ఆ పై సోమవారం పదింటికి నా గదిలో ఫ్లాస్కు పక్కన స్టూలుంది. అటెండరు పెద్దావిడ ముసిముసిగా నవ్వుతూ వెళ్లింది. నేను లోపల ఎంత కుళ్లిపోయి ఉన్నానంటే, ఆ రోజు సంతోషించాను.

ఆ సంతోషం నాలుగు రోజులు నిలిచింది. డ్రైవరు కుడి కన్ను మసకగా ఉందన్నాడు. కంటి డాక్టరు చూసి, రక్తంలోంచి ఫంగస్ కంట్లోకి కూడా వెళ్లిందన్నారు. మందులిచ్చారు, కంటికి సూది వేశారు, ఆపరేషన్ చేశారు. కన్ను దక్కలేదు. సోమవారమే మందు పడి ఉంటే దక్కేదా అంటే ఎవరూ చెప్పలేరు. అప్పటికే అక్కడికి చేరి ఉండొచ్చు, చేరకపోయీ ఉండొచ్చు. ఎవరూ చెప్పలేకపోవడమే నాకు మిగిలింది. ఒంటి కన్నుతో లారీ లైసెన్సు ఇవ్వరు. ఇంటికి వెళ్లే రోజు అతని భార్య కిటికీ దగ్గరికి వచ్చి నాకు దణ్ణం పెట్టింది.

తర్వాత మూడేళ్లకి రిటైరయ్యాను. శాలువా, పండ్లు, ఫోటోలు అయ్యాక ఆ అమ్మాయి తన పాత నోటు పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టింది. "నా కార్డు ఎక్కడ తప్పిందో మీ వరస చూసే నేర్చుకున్నానండి. ఇది మీ దగ్గర ఉంటేనే బాగుంటుంది" అంది. ఇంటికొచ్చి తిరగేస్తుంటే ఆ డ్రైవరు పేజీ వచ్చింది. తన వరసలో సీఆర్‌పీ ఎక్కువ, ప్రోకాల్సిటోనిన్ తక్కువ. నా వరసలో చక్కటి అక్షరాలతో 'ఈస్ట్?' అని ఉంది. పక్కన, 'సోమవారం, తొమ్మిదిన్నర, పెన్సిల్.'

నేను చెరిపింది నా పుస్తకంలో మాత్రమే.

మర్నాడు ఫోన్ చేశాను. "నీకు తెలుసు కదా. ఎందుకు చెప్పలేదు?"

"మీరు చెప్తారని ఆగానండి. మీ సీసా సంగతి మీకంటే ముందు నేను చెప్తే ఏం బావుంటుందండీ. పెద్దవారు కదా. మంగళవారం మీరు చెప్పకపోతే నేనే చెప్పేసేదాన్నేమో. ఏమో, చెప్పేదాన్నో లేదో." డ్రైవరు సంగతి తనే ఎత్తింది. "అతను జంక్షన్లో పంక్చర్ షాపు పెట్టుకున్నాడండి. మా బస్సు అటు పోదు గానీ నేను ఒకసారి వెళ్లి చెప్పేశానండి. అప్పట్నుంచి కొంచెం నయంగా ఉంది."

ఏం రాయమంటారు? ఆ క్షణంలో కూడా నాకు మొదట కలిగింది అసూయే. నేను మూడేళ్లుగా మోస్తున్నదాన్ని, నాకంటే పాతికేళ్లు పైనే చిన్నది, వెళ్లి దించేసుకుని వచ్చింది. కార్డులో గెలిచింది సరే, దీంట్లో కూడా నాకంటే ముందే.

వారం రోజులు ఆగి హనుమాన్ జంక్షన్ బస్సెక్కాను. షాపు వెతకనక్కర్లేకపోయింది. రోడ్డు పక్కనే టైర్లు గోడలా పేర్చి ఉన్నాయి. అతను నీళ్ల తొట్టిలో ట్యూబు ముంచి, బుడగ ఎక్కడొస్తోందోనని తల ఒక పక్కకి తిప్పి ఎడమ కంటితో చూస్తున్నాడు. నేను ఎవరినో చెప్పగానే చేతులు తుడుచుకుని లేచాడు. మా ఆవిడ చెప్పేది మీ గురించి, అంటూ లోపల్నుంచి స్టూలు తెచ్చి వేశాడు. నేను కూర్చోలేదు.

"ఆ ల్యాబు అమ్మాయి వచ్చిందటగా. ఏం చెప్పింది బాబూ?" అన్నాను.

"పాపం ఆ అమ్మాయి మంచిదండి. ఫంగస్ అని సోమవారమే తెలుసంట. డాక్టరు గారికి చెప్పకుండా ఒకటిన్నర రోజు ఆగానండి, నాదే తప్పు అని ఏడ్చింది. పోనీలేమ్మా, ప్రాణం ఉంది కదా అన్నాను."

"నా సంగతి చెప్పలేదా?"

"చెప్పిందండి. మంగళవారం మీరు మెట్లెక్కి వచ్చి చెప్పబట్టే బతికానని చెప్పింది."

బెజవాడ బస్సు వచ్చి ఆగింది. కండక్టరు తలుపు కొడుతూ పిలుస్తున్నాడు. ఆ అమ్మాయి దగ్గర ఉన్నవన్నీ నాకు కావాలనుకున్నాను ఇన్నేళ్లూ. చదువు, కార్డు, డాక్టరు గారి పది నిమిషాలు. ఈ ఒక్కటీ మాత్రం నిజంగా నాది, దాన్నీ ఆమే తీసేసుకుంది.

"మీ బస్సేమోనండి" అన్నాడతను.

"దాన్ని వెళ్లనీ. ఆ ఒకటిన్నర రోజు నాది బాబూ, ఆ అమ్మాయిది కాదు" అని, స్టూలు మీద కూర్చుని మొదట్నుంచీ చెప్పాను.